అటు పక్క పిల్లర్లు లేవు

మా ఇంటికీ పక్కింటికీ నడుమ ఉన్నది ఒకటే గోడ. తొమ్మిదంగుళాల ఇటుక గోడ. దానికి ఇటు నా పొయ్యి, అటు మా వదినె పొయ్యి. వరసకు ఆమె నాకు ఏమీ కాదు. రెండిళ్ళ పునాదులూ ఒక్క వారంలోనే తవ్వుకున్నాం కాబట్టి వదినె అంటే వదినె అని పిలుచుకున్నాం.

గచ్చిబౌలి వెనక మా బస్తీలో అన్నీ అరవై గజాల జాగలే. అంత జాగలో రెండు గోడలు పక్కపక్కన లేపితే అర్రలో మంచం వేసినంక మనిషి నడిచే తోవ ఉండదు. "ఒకటే గోడ లేపుదాం, ఇటుకలు చెరి సగం తెచ్చుకుందాం" అన్నది నేనే. బస్తీలో సగం ఇండ్లు అట్లనే కట్టుకున్నారు. ఉమ్మడి గోడ అంటారు. దానికి కాగితం రాసుకోరు, ఎవరినీ అడగరు. ఇద్దరు ఆడవాళ్ళు గడప మీద కూర్చుని మాట అనుకుంటే అయిపోయినట్టే.

మా ఆయన మేస్త్రి. నేను ఆయన చేతికింద సిమెంటు మాలు మోసిన దాన్ని. మూడో తరగతి దాకనే బడికి పోయాను గాని, గోడ ఎన్ని రోజులు తడవాలో, స్లాబు సెంట్రింగ్ ఎప్పుడు విప్పాలో నాకు ఎవరూ చెప్పనక్కర లేదు. ఆ గోడకు పొద్దున వదినె అటు నుంచి నీళ్ళు కొట్టేది, పొద్దుగూకే ముందు నేను ఇటు నుంచి. ఆమెది బొక్కెన, నాది చెంబు.

"నీళ్ళకు గూడ పిసినారితనమేనానే? గోడ దూపకు సస్తది" అని అవతలి నుంచి తిట్టేది.

"నువ్వు వోసిన నీళ్ళు నా పొయ్యిలకొస్తున్నయ్. ముందు అది సూసుకో" అని నేను.

తరవాత అద్దాల ఆఫీసులు లేచాయి. వాటిల్లో ఉద్యోగాలకు పిల్లలు పెట్టెలు పట్టుకుని వచ్చి, అర్ర ఖాళీ ఉందా అని గల్లీ గల్లీ తిరిగారు. మా జాగకు కింద ఒకటి, మీద ఒకటి కట్టుకోవచ్చు. అంతకు మించి ఒప్పుకోరు. ఆ సంగతి మాకు తెలుసు. తెలిసే మీద మూడు లేపాం. అందరూ లేపుతున్నారు, మనం ఎందుకు ఊరుకోవాలి అనుకున్నాం.

మీద కట్టడం మొదలుపెట్టిన రోజు మాట నాకు ఇప్పటికీ ఉన్నది ఉన్నట్టు గుర్తు. మా ఆయన ఇనుప సలాకలు గల్లీలో పరిచి పెట్టుకుని, వదినె ఇంటి వైపు చూస్తూ నిలబడ్డాడు.

"అటు పక్క రెండు పిల్లర్లు ఏద్దామే."

"అటు గోడ ఉన్నది గదా?"

"గోడ కింది ఇంటికి సరిపోతది. మీద మూడు మొయ్యాలె."

"అది ఒక్కతే మోస్తదా ఏంది? అటు నుంచి వదినె ఇల్లు పట్టుకోని లేదా? ఆ ఇల్లు యాడికి పోతది?"

ఆయన ఇంకోసారి అడగలేదు. నాతో వాదించి గెలిచిన రోజు ఆయనకు లేదు. మూడు పక్కల పిల్లర్లు వచ్చాయి. నాలుగో పక్క దూలాలను తెచ్చి ఆ గోడ నెత్తిన పెట్టాం. మిగిలిన సలాకలతో మెట్లు పోసుకున్నాం. బయట నుంచి చూస్తే అన్ని పక్కలా ఒకటే తీరు ప్లాస్టరింగు, ఒకటే రంగు. ఎవరికీ తెలియదు.

మున్సిపల్ ఆఫీసు నుంచి ఒకాయన రెండుసార్లు వచ్చాడు. గల్లీలో బండి దిగకుండనే తల పైకెత్తి చూశాడు. రెండోసారి మా ఆయన బండి దాకా పోయి ఏదో మాట్లాడి వచ్చాడు. నేను చాయ్ పంపాను. ఆ ఆఫీసాయన ఒక్కసారి మెట్లెక్కి లోపలికి వచ్చి ఉంటే అంతా అక్కడనే తేలిపోయేది. రానందుకు నేను ఆ రోజు సంబరపడ్డాను. ఆ సంబరం నాదే, ఇంకొకరి మీద పెట్టను.

మా ఆయన పోయాడు. కొడుకు నిజాంపేటలో ఫ్లాటు కొనుక్కుని అక్కడనే ఉన్నాడు. నేను కింది అర్రలో. మొదటి రెండంతస్తుల్లో ఆఫీసులకు పోయే ఆడపిల్లలు ఉండేవారు. చెవుల్లో తీగలు పెట్టుకుని దిగుతారు, ఎక్కుతారు. నేను గుమ్మంలో కూర్చున్నానని కూడా వాళ్ళకు తెలిసేది కాదేమో. మూడో అంతస్తులో ఒక నర్సమ్మ, ఆమె ఎనిమిదేళ్ళ కూతురు. గుంటూరు వైపు వాళ్ళు. ఆదివారం పొద్దున్నే తల్లీకూతుళ్ళు ఇస్త్రీ బట్టలు కట్టుకుని, బైబిలు సంచిలో పెట్టుకుని ప్రార్థనకు పోయేవారు. ఆ నర్సమ్మ డ్యూటీ నుంచి వచ్చి మెట్లెక్కే ముందు నా గుమ్మం దగ్గర ఆగి "ఏం వండుకున్నారండి ఇవాళ?" అని అడిగేది. నన్ను ఆ మాట అడిగే మనిషి ఈ పట్నంలో ఆమె ఒక్కతే. పచ్చి పులుసు అంటే నవ్వేది. "నిన్న కూడా అదే చెప్పారు."

తరవాత వదినె వాళ్ళు ఇల్లు అమ్మేశారు. మియాపూర్‌లో కొడుకు దగ్గరికి పోతూ నా చెయ్యి పట్టుకున్నది. "గోడ జర సూసుకో" అని ఆటో ఎక్కింది. నేను అది ఆప్యాయపు మాట అనుకున్నాను.

ఆమె పోయినంక గోడ అవతల చప్పుడు లేదు. ఇన్నేండ్లు ఆమె కుక్కరు కూతలు విని నేను నా పొయ్యి ఆర్పేదాన్ని. ఆ మొదటి వారం రెండుసార్లు అన్నం మాడబెట్టుకున్నాను.

కొన్నవాళ్ళు ఆ ఇల్లు, దాని వెనక ఇల్లు రెండూ కలిపి ఆరంతస్తుల హాస్టలు కడతాం అన్నారు. కింద భూమిలోకి తవ్వి సెల్లారు. ముందు పాత ఇల్లు కూలగొట్టారు. రెండు రోజుల్లో మట్టి ఎత్తేశారు. మూడో రోజు నేను గల్లీలోకి పోయి చూస్తే, నా ఇంటి పక్క గోడ ఎండలో బట్ట లేకుండా నిలబడ్డట్టు ఉంది. వదినె వంటింటి నీలం రంగు, పొయ్యి పొగ చార, గరిటెలు తగిలించుకున్న మూడు మేకులు. ఆమె ఇంటి లోపలంతా బజారుకు కనబడుతోంది. నాకు సిగ్గేసింది. తరవాత భయం వేసింది.

జేసీబీ గోడ మొదలు దాకా వచ్చి తవ్వుతుంటే నేను పోయి అడ్డం నిలబడ్డాను. సూపర్‌వైజరు నెత్తికి టోపీ పెట్టుకున్న నడివయసు మనిషి. మర్యాదగానే మాట్లాడాడు.

"ఏమైందవ్వా?"

"గోడ నాది గూడ. జర దూరం జరిగి తవ్వండ్రి."

"నీ ఇల్లు పిల్లర్ల మీద నిలబడ్డదవ్వా. ఈ గోడ ఉత్త అడ్డం గోడ. పోయినా నీకేం గాదు. ఫికర్ జెయ్యకు."

పైన రెండో అంతస్తు వాకిట్లో ఆఫీసు పిల్లలు నిలబడి చూస్తున్నారు. నర్సమ్మ కూతురు రెయిలింగు సందులోంచి తల పెట్టింది. "అటు పక్క పిల్లర్లు లేవు నాయనా" అని నాలుగు ముక్కలు అంటే సరిపోయేది. అంటే ఆ పొద్దుకే ఇల్లంతా ఖాళీ అయ్యేది. నేను ఒంటరిగా నా అర్రలో కూర్చోవడం కండ్ల ముందు కనబడింది. ఆ మాట అనలేదు.

"అవ్వా, జర పక్కకు" అన్నాడు. పక్కకు జరిగాను.

పది రోజులకు నా వంటింటి మూలన చీలిక వచ్చింది, వెంట్రుక అంత. మా ఆయన అలవాటు ఒకటి ఉండేది. చీలికకు అడ్డంగా కాగితం ముక్క మైదా జిగురుతో అంటించి, తారీకు రాసి పెట్టేవాడు. గోడ ఊరుకుంటే కాగితం ఊరుకుంటుంది, గోడ కదిలితే చినుగుతుంది. నేను క్యాలెండరు నుంచి చింపి అంటించాను. మూడో రోజు చినిగింది. ఇంకొకటి అంటించాను. అది కూడా. ఇగ అంటించడం మానేశాను. కాగితం తప్పు అన్నట్టు.

అప్పుడే నర్సమ్మ వచ్చి చెప్పింది. "మామ్మగారూ, మా తలుపు పట్టేస్తోందండి. పాప ఒక్కతే ఉన్నప్పుడు తీసుకోలేకపోతోంది. కొంచెం వడ్రంగిని పిలుస్తారా?"

"వానలకు చెక్క ఉబ్బింది" అన్నాను. ఒక వాన కూడా సరిగ్గా పడలేదు అప్పటికి.

వడ్రంగి వచ్చి తలుపు అంచు చెక్కిపోయాడు. వారం తిరగకముందే మళ్ళా పట్టేసింది, ఈసారి పై మూలన. ఆయన తలుపు మీద చెయ్యి పెట్టి అటూ ఇటూ చూసి మెట్లు దిగి వచ్చి, నాతో మెల్లగా చెప్పాడు. "చెక్క ఉబ్బలేదవ్వా. తలుపు చుట్టూ ఉన్న చౌకట్ వంగింది. నేను ఎన్నిసార్లు చెక్కినా ఇంతే."

కొడుక్కు ఫోన్ చేశాను. మొత్తం విన్నాడు.

"నాన్న పిల్లర్లు ఎయ్యలేదా? నాకెందుకు చెప్పలే?"

"నేనే వద్దన్న."

"ఇప్పుడు ఎవరికీ చెప్పకు. వాళ్ళ మీద కంప్లైంట్ పెడితే ముందు మన కాగితాలు అడుగుతరు. మీద రెండు అంతస్తులు మనయే తప్పు. ముందు మన ఇల్లే కూలగొడ్తరు. సెల్లారు గోడ పోస్తే ఆ మట్టి నిలబడ్తది, అప్పటిదాక ఊకో."

"మీద పసిపిల్ల ఉన్నదిరా."

"అమ్మా, ఇన్నేండ్లు నిలబడ్డది గదా."

ఊరుకోబుద్ధి కాలేదు. నా చేతి రాతతోనే ఒక అర్జీ రాశాను. పెద్ద పెద్ద అక్షరాలు, గీతల కాగితం. పక్కవాళ్ళు గోడ కింద తవ్వుతున్నారు, ఆపండి అని. నా పిల్లర్ల సంగతి రాయలేదు. మున్సిపల్ ఆఫీసులో ఒక అధికారి దాన్ని చదివి, బల్ల మీద పెట్టి, "అవ్వా, నీ ఇంటికి ఎన్ని అంతస్తులు?" అన్నాడు.

"కింద ఒకటి. మీద మూడు."

"జాగ?"

"అరవై గజాలు."

ఆయన అర్జీ మడిచి నా చేతిలో పెట్టాడు. కోపంగా కాదు, నా మేలు కోరినట్టే. "ఇది నేను తీసుకుంటే ఫస్ట్ నోటీసు నీకే వస్తది. వాళ్ళకు పర్మిషన్ ఉన్నది. పెద్దమనిషివి, ఇంటికి పోయి నీ కొడుకుతోని ఆలోచన జేసుకోని రా."

ఆ గుంత ఎట్లున్నదో చూడడానికి ఎవరినైనా పంపుతారా అని అడిగాను. "చూస్తం" అన్నాడు. బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాను. నా వెనక వరసలో ఇంకా చానా మంది ఉన్నారు. ఎవరి చేతిలో కాగితం వాళ్ళది.

ఇంటికి పోబుద్ధి కాక మియాపూర్ బస్సు ఎక్కాను. ఆ గోడ కట్టిన నాటి నుంచి తెలిసిన మనిషి వదినె తప్ప నాకు ఇంకొకరు మిగలలేదు. ఆరో అంతస్తు. లిఫ్టులో ఎక్కాను, కండ్లు మూసుకుని. ఆమె నన్ను చూసి ముందు మురిసింది, తరవాత తిట్టింది.

"ఫోన్ చేసి రావా? ఫోనుకు గూడ పైసలైతయనా?"

చెప్పాను అంతా. ఆమె కూరగాయల కత్తి పక్కన పెట్టింది.

"పోయేటప్పుడు నీకు చెప్పిన గదనే, గోడ సూసుకో అని."

"నేను ఉత్తగ అన్నవనుకున్న."

"ఉత్తగ ఎందుకంట? పిల్లర్లు వద్దన్నప్పుడు నేను అటు నుంచి ఇనలేదనుకున్నవా? మీ ఆయన సాయంత్రం మా ఆయనతోని అన్నడు, మీ ఇల్లు మా ఇంటిని మోస్తున్నదిరా తమ్మీ అని. ఇల్లు అమ్మే ముందు మా ఆయన నాతోని అన్నడు, చెప్పి పోదామా అని. నేనే వద్దన్న. చెప్తే బేరం చెడ్తదని." ఆమె నా మొహం చూడకుండా చెప్పింది. "ఇప్పుడు నువ్వు నన్ను తిట్టు. తిడితే తిట్టు గాని, ముందు ఆ పిల్లలను దింపు. ఇల్లు నీది, తలకాయలు వాళ్ళయి."

తిట్టలేదు. తిట్టడానికి నాకు ఏం మిగిలింది. ఆమె అన్నం పెట్టింది. ఇద్దరం కూర్చుని తిన్నాం. ఆమె వంటింట్లో గోడ అవతల ఎవరో తెలియనివాళ్ళ మిక్సీ తిరుగుతోంది.

మరుసటి రోజు పొద్దున మూడంతస్తులు ఎక్కాను. మోకాళ్ళ నొప్పులకు పైకి పోయి రెండేండ్లయింది. నర్సమ్మ కూతురికి జడ వేస్తోంది. కూర్చోండి అన్నది. నిలబడే చెప్పాను.

"అమ్మా, ఈ ఇంటికి అటు పక్క పిల్లర్లు లేవు. దూలాలు గోడ మీద పెట్టినం. ఆ గోడ కింద వాళ్ళు తవ్విండ్రు. మీ తలుపు వానకు పట్టలేదు. ఇల్లు ఒరుగుతున్నది. ఇయ్యాలనే దిగిపోండ్రి."

ఆమె చేతిలో జడ పాయలు అట్లనే ఉన్నాయి. "ఎప్పుడు తెలిసిందండి మీకు?"

అబద్ధం చెప్పే తోవ ఉంది. నిన్ననే అంటే సరిపోతుంది. "పిల్లర్లు లేవని కట్టిన నాడే తెలుసు. గోడ కదులుతున్నదని ఇరవై రోజులాయె."

"ఇరవై రోజులు." ఆమె గొంతు పెంచలేదు. "నేను నైట్ డ్యూటీకి వెళ్తూ, పాపని ఇక్కడ పడుకోబెట్టి, మీకు చెప్పి వెళ్ళేదాన్నండి. మామ్మగారు కింద ఉన్నారు కదా అని. మీరు 'పోయి రా తల్లీ' అనేవారు."

"అన్న."

"అంటూ కూడా మీకు తెలుసు."

"తెలుసు."

పాప మా ఇద్దరి మొహాలూ చూసింది. "అమ్మా, స్కూలుకి టైమవుతోంది" అన్నది. ఆమె జడ పూర్తి చేసి రబ్బరు వేసింది. ఆ తరవాత నాతో మాట్లాడలేదు. మధ్యాహ్నానికి ఆటో ట్రాలీ వచ్చింది. కింది అంతస్తుల పిల్లలకు కూడా నేనే తలుపు తట్టి చెప్పాను. వాళ్ళు గట్టిగానే అరిచారు. అరిచినందుకు నాకు కొంచెం తేలికైంది. నర్సమ్మ అరవలేదు. గ్యాసు బండ, సూట్‌కేసు, కుట్టు మిషను ట్రాలీలో పెట్టించి, కూతురిని ముందు కూర్చోబెట్టుకుని పోయింది. గుమ్మం దగ్గర ఆగలేదు.

ఆ రోజే ఇంకో అర్జీ రాసుకుని పోయాను. ఈసారి నా ఇంటి సంగతి మొదటి వరసలోనే రాశాను. అరవై గజాలు, రెండు అంతస్తులు ఎక్కువ, అటు పక్క పిల్లర్లు లేవు, ఇది నా ఇష్టంతో జరిగింది. అదే అధికారి చదివాడు. రెండోసారి చదివాడు. "ఇట్ల రాసుకోని వచ్చినోళ్ళను నేను ఇప్పటిదాక చూడలే" అన్నాడు. కుర్చీలోంచి లేచాడు.

సాయంత్రం లోపల నలుగురు వచ్చారు. ఈసారి మెట్లెక్కారు. మూడో అంతస్తులో అటు పక్క ప్లాస్టరింగు ఊడగొడితే లోపల ఇటుకలే ఉన్నాయి. దూలం కొస దగ్గర నా బొటనవేలు పట్టేంత సందు. కొలిచి, ఫోటోలు తీసుకుని, గుంత పని ఆపమని చెప్పి, ఇసుక బస్తాలు పేర్పించారు. నా గుమ్మానికి కాగితం అంటించారు. ఇల్లు మొత్తం దింపాలె అన్నారు. కింది అర్ర అన్నా ఉంచుతారా అని అడిగాను. ఉంచరు అన్నారు.

నాలుగు రోజుల్లో దింపేశారు, పై నుంచి కిందికి. ఎవరికీ దెబ్బ తగలలేదు. మా ఆయన చేతి పని మూడు పక్కలా ఎంత గట్టిదంటే, మిషను వాళ్ళు కూడా చెమటలు కక్కారు. ఆ నాలుగో పక్క మాత్రం ఒక్క దెబ్బకే పోయింది.

నా జాగ చదునైనంక పక్క గుంతలో పని మళ్ళా మొదలైంది. ఇప్పుడు అక్కడ ఆరంతస్తులు ఉన్నాయి. ఎన్ని అంతస్తులకు పర్మిషన్ ఉంది అని పోయి హాస్టలు వాళ్ళను అడిగాను. కాగితాలు అన్నీ ఉన్నాయి అన్నారు. చూపించమంటే నవ్వారు.

"నీ నోటితోనే ఇల్లు కూలగొట్టినవ్" అన్నాడు కొడుకు. అవును అన్నాను. కోడలు వచ్చి ఉండమన్నది గాని, ఆ ఇంట్లో అన్నం ముందు కూర్చుంటే ఎవరూ నా వైపు చూడరు. వాళ్ళ గల్లీకి రెండు గల్లీల అవతల, హాస్టళ్ళ నడుమ ఒక అర్ర కిరాయికి తీసుకున్నాను. కింది అర్రే. పొద్దంతా పిల్లల చెప్పుల చప్పుడు, ఒక్కరి మొహం తెలియదు.

మొన్న తల తిరుగుతోందని దవాఖానకు పోయాను. వరసలో నా వంతు వచ్చేసరికి బీపీ చూసే బల్ల దగ్గర ఆ నర్సమ్మే. నన్ను గుర్తుపట్టింది. తరవాత అందరికీ కట్టినట్టే నా చేతికి పట్టీ కట్టింది.

"తోడు ఎవరూ రాలేదాండి?"

"ఒక్కదాన్నే వచ్చిన."

రబ్బరు బంతి నొక్కింది. చెయ్యి బిగిసింది, వదిలింది. అంకె రాసుకుంది. పాప ఎట్లున్నది అని అడుగుదామనుకున్నాను. ఆ మాట అడిగే అర్హత నాకు ఉందో లేదో తేల్చుకునే లోపల ఇంకో మాట నోట్లోంచి వచ్చింది.

"ఇప్పుడున్న ఇంటికి నాలుగు పక్కలా పిల్లర్లు ఉన్నయా తల్లీ? సూసుకున్నవా?"

ఆమె పట్టీ విప్పింది. "చూసుకున్నానండి. చేరకముందే. ఓనరుని పక్కన నిలబెట్టి, ఒక్కొక్క గోడా కొట్టించి చూశాను." చీటీ నా చేతిలో పెట్టింది. "ఆవిడకి కోపం వచ్చింది. వస్తే రానివ్వమన్నాను."

ఆ ఇల్లు ఎక్కడో చెప్పలేదు. నేను అడగలేదు. ఆమె నా వెనకవాళ్ళను పిలిచింది. నేను లేచి, మందుల కిటికీ దగ్గర వరసలో నిలబడ్డాను.